వ్యాపార రచన – అభ్యాసబలం

రచన అనగానే అది కొందరికి పుట్టుకతో అబ్బే విద్య అని, మిగిలినవారికి అందని మానిపండు అని లోకంలో ఒక నమ్మకం పాతుకొని ఉన్నది. ఈ నమ్మకం వల్ల కవిత్వానికి కలిగే నష్టం తక్కువే. ప్రతిభ కలవాడు ఎవరు వద్దన్నా రాస్తాడు. నష్టపోతున్నవారు వేరే ఉన్నారు. తాము తయారుచేసిన వస్తువును గురించి నాలుగు మాటలు చెప్పి అమ్ముకోవలసిన చేతివృత్తులవారు, చిన్న వ్యాపారులు, స్వయం సహాయక సంఘాల మహిళలు “మాకు రాయడం రాదు” అని కలం పక్కన పెడుతున్నారు. వస్తువును గురించి బాగా తెలిసినవాడు మౌనం వహిస్తే తెలియనివాడి మాటే అంగడిలో చెల్లుబాటవుతుంది. కొనేవారు దుకాణం గడప తొక్కకుండానే, ఫోనులో బొమ్మను, దాని కింద ఉన్న వివరణను చూసి సరుకు ఎంచుకొంటున్న ఈ రోజుల్లో ఆ మౌనం జీవనోపాధికే చేటు తెస్తుంది. కాబట్టి పుట్టుకతో వచ్చిన ప్రతిభ లేనివాడు వ్యాపారానికి పనికివచ్చే మంచి రచన చేయగలడా అన్న ప్రశ్న ఎందరి బతుకుతెరువుతోనో ముడిపడి ఉన్నది.

కావ్యం పుట్టడానికి కారణాలేమిటన్న విషయాన్ని మన ఆలంకారికులు లోతుగా చర్చించారు. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడింటిని కావ్యహేతువులుగా పేర్కొన్నారు. ప్రతిభ అంటే సహజంగా కలిగే స్ఫురణశక్తి. వ్యుత్పత్తి అంటే లోకాన్ని, శాస్త్రాలను, పూర్వుల రచనలను పరిశీలించడం వల్ల కలిగే పరిజ్ఞానం. అభ్యాసం అంటే తెలిసినవారి సలహాతో మళ్ళీ మళ్ళీ రాసి చేయి తిప్పుకోవడం. ఈ మూడూ కలిసి ఒకే హేతువు అవుతాయని మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో అన్నాడు. ప్రతిభ ఒక్కటే హేతువని జగన్నాథ పండితరాయలు ‘రసగంగాధరం’లో వాదించాడు. వీరిద్దరికీ ఎంతో ముందే దండి ‘కావ్యాదర్శం’లో ఊరట కలిగించే మాట ఒకటి చెప్పాడు. పూర్వజన్మ సంస్కారం వల్ల కలిగే ప్రతిభ లేకపోయినా, విద్యతోను ప్రయత్నంతోను సేవించినవానిని వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహించక మానదని ఆయన భావం.

రసానందమే ప్రయోజనమైన కావ్యంలోనే కృషికి ఇంత చోటు ఉన్నది. వ్యాపార రచనకు ప్రయోజనం రసానందం కాదు. కొనేవారి సందేహాన్ని తీర్చడం, వారికి నమ్మకం కలిగించడం దాని పని. అందువల్ల ఇక్కడ ప్రతిభ పాత్ర తక్కువ. వ్యుత్పత్తి, అభ్యాసాల పాత్ర ఎక్కువ.

దండి చెప్పిన మాటకు ఆధునిక వ్యాపార ప్రపంచంలో డేవిడ్ ఓగిల్వీ జీవితం చక్కని నిదర్శనం. ఆయన 1911లో ఇంగ్లండులో జన్మించాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, పట్టా పొందకుండానే 1931లో బయటికి వచ్చాడు. పారిస్‌లోని ఒక హోటలు వంటశాలలో పనిచేశాడు. తరువాత స్కాట్లండులో ఇంటింటికీ తిరిగి ‘ఆగా’ అనే వంటపొయ్యిలు అమ్మాడు. తలుపు తీసిన గృహిణి ఏమి అడుగుతుందో, ఏ మాటకు ఒప్పుకొంటుందో, ఏ మాటకు ముఖం చిట్లిస్తుందో ఆ తిరుగుడులోనే తెలుసుకొన్నాడు. ఆ అనుభవాన్నే 1935లో తోటి విక్రేతలకోసం చిన్న పుస్తకంగా రాశాడు. 1948లో న్యూయార్కు నగరంలో ప్రకటనల సంస్థను స్థాపించి, ఆ రంగంలో ప్రపంచఖ్యాతి గడించాడు. అంతటివాడు 1955లో రాసిన ఒక లేఖలో తాను రచయితగా నాసివాడినని, దిద్దడంలో మాత్రం గట్టివాడినని ఒప్పుకొన్నాడు. తన చిత్తుప్రతిని నాలుగైదుసార్లు తానే దిద్దుకొన్న తరువాత గాని అది ఇతరులకు చూపదగినదిగా ఉండదని అందులో తెలిపాడు. ఒక్కొక్క ప్రకటనకు పదహారు శీర్షికలకు తక్కువ కాకుండా రాసి, వాటిలో ఒకటి ఎంచుకోవడం ఆయన అలవాటు.

1958లో రోల్స్‌రాయిస్ కారుకు రాసిన ప్రకటన ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. గంటకు అరవై మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు కూడా ఆ కారులో వినబడే పెద్ద చప్పుడు గడియారానిదే అన్నది దాని శీర్షిక సారాంశం. ఆ మాట ఆయన ఊహలో మెరిసినది కాదు. ఆ కారును గురించి మూడు వారాలపాటు దొరికినదంతా చదివినప్పుడు, మోటారు పత్రిక రచయిత ఒకరు రాసిన వ్యాఖ్యలో కనిపించినది. వెయ్యి వివరాల మధ్య పనికివచ్చే ఒక్క వివరాన్ని గుర్తించడమే ఆయన చేసిన పని. ఓపికగా వెతికినవారికి ఆ గుర్తింపు క్రమంగా అలవడుతుంది.

ఇందులో మనవారికి ఉపయోగపడే పాఠం ఉన్నది. ఓగిల్వీ మూడు వారాలు చదివి తెలుసుకొన్న సంగతుల వంటివి మన చేతివృత్తులవారికి చిన్ననాటినుండీ తెలుసు. పోచంపల్లి నేతగాని ఉదాహరణ తీసుకొందాం. అతని సంఘం ఒక చీరను అమ్మకానికి పెడుతూ ఈ విధంగా రాసిందనుకొందాం: “మా చీరలు అత్యంత నాణ్యమైనవి, అపురూపమైనవి, జగత్ప్రసిద్ధమైనవి. ఒక్కసారి కొంటే మళ్ళీ మళ్ళీ కొంటారు.” ఈ వాక్యాలలో వ్యాకరణదోషం లేదు. అయినా ఇవి ఎవరినీ నమ్మించలేవు. ఇక్కత్ నమూనాను బట్టపై అచ్చువేసి చవకగా అమ్మే వర్తకుడు కూడా ఇవే మాటలు రాయగలడు. అసలుకు, నకలుకు సమానంగా అతికే వాక్యం అసలుకు మేలు చేయదు.

అదే సంఘం తనకు తెలిసిన పనిని ఉన్నదున్నట్లు చెప్పిందనుకొందాం: “ఈ చీరపై ఉన్న పువ్వు నేసిన తరువాత అద్దినది కాదు. నేయకముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచాము. ముడి కింద ఉన్న నూలుకు రంగు అంటదు. పడుగును, పేకను ఆ లెక్క ప్రకారం కలిపి నేస్తే పువ్వు ఏర్పడుతుంది. అందుకే అది చీరకు రెండువైపులా ఒకే తీరుగా కనిపిస్తుంది. పువ్వు అంచు కాస్త చెదరినట్లుంటే అది లోపం కాదు. చేతితో కట్టిన ముడికి గుర్తు. బట్టపై అచ్చువేస్తే సాధారణంగా వెనుకవైపు రంగు పలచబడుతుంది. చీరను తిరగవేసి చూడండి.” ఇందులో అలంకారం ఒక్కటీ లేదు. కాని చదివినవారు వెంటనే చీరను తిరగవేసి చూస్తారు. తమ కంటితో పరీక్షించుకొన్న దానిని నమ్ముతారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు చట్టరీత్యా రక్షణ ఇస్తుంది. అంగడిలో అసలు వస్తువును పోల్చుకొనే చూపును కొనేవారికి ఇవ్వవలసినది మాత్రం ఇటువంటి రచనే.

పై ఉదాహరణనుండి మొదటి సూత్రం తేలుతున్నది. విశేషణాలను తగ్గించి విశేషాలను చెప్పాలి. “ఎంతో శ్రమకోర్చి నేశాము” అనడం విశేషణం. పేక నూలును మేకుల చుట్టూ తిప్పే ‘ఆసు’ పనిలో ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడించవలసి ఉంటుంది అనడం విశేషం. ఆ పనిలో తల్లి పడే బాధను చూడలేక చింతకింది మల్లేశం ఆసుయంత్రాన్ని రూపొందించారు. 2017లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. ‘శ్రమ’ అన్న మాట చెప్పలేని దానిని ఆ అంకె చెబుతుంది.

రెండవ సూత్రం పాఠకునికి సంబంధించినది. అందరికోసం రాసిన రచన ఎవరికీ సూటిగా తగలదు. ఒక మనిషిని ఎదురుగా ఊహించుకొని రాయాలి. వారెన్ బఫెట్ బెర్క్‌షైర్ హాథవే సంస్థ వాటాదారులకు దశాబ్దాలపాటు రాసిన వార్షిక లేఖలు స్పష్టతకు పేరు పొందాయి. తాను ఆ లేఖలు రాసేటప్పుడు తన అక్కచెల్లెళ్ళు ఇద్దరితో మాట్లాడుతున్నట్లు భావిస్తానని ఆయన 1998లో వెలువడిన ఒక సరళభాషా కరదీపికకు రాసిన ముందుమాటలో చెప్పాడు. వారు తెలివైనవారే, లెక్కల శాస్త్రంలో మాత్రం నిపుణులు కారు. వ్యాపార రచనకు అటువంటి పాఠకులే లక్ష్యం. ఆ మనిషి అడిగే మొదటి ప్రశ్న ఏదో గుర్తించి, దానికి మొదటి వాక్యాలలోనే జవాబు చెప్పాలి. “ఈ చీర రంగు పోతుందా?” అని అడిగే గృహిణికి సంఘం స్థాపన చరిత్రతో మొదలుపెట్టి జవాబు చెబితే ఆమె చివరిదాకా చదవదు. ఒక రచనలో ఒక్క ప్రశ్ననే తీసుకొంటే మరింత మంచిది. ధర, ఉతికే పద్ధతి, అసలును గుర్తించే తీరు మూడు వేర్వేరు రచనలు కాదగినవి.

మూడవ సూత్రం చిత్తుప్రతిని గురించినది. రాయడానికి జంకేవారు చాలామంది మాట్లాడటానికి జంకరు. దుకాణానికి వచ్చినవారికి పది నిమిషాలు ధారాళంగా వివరించే మనిషి, కాగితం ముందు కూర్చోగానే పుస్తకాల భాషకోసం తడుముకొంటాడు. అటువంటివాడు ముందుగా నోటితో చెప్పి, ఆ మాటలనే కాగితంమీద పెట్టడం మేలు. ఆ చిత్తులో పునరుక్తులు ఉంటాయి, వరుస తప్పుతుంది. అయినా ఫరవాలేదు. సరుకు చేతికి వచ్చిన తరువాతే కదా చెరిగేది, ఏరేది!

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది దిద్దుబాటు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో దీనికి ఆదర్శం కనిపిస్తుంది. సబ్బులు, కొవ్వొత్తులు చేసి అమ్మే తండ్రికి 1706లో బోస్టన్‌లో పుట్టిన ఆయన, పన్నెండవ ఏట అన్న ముద్రణాలయంలో పనికి కుదిరాడు. కుమారుని రాత చూసిన తండ్రి అందులో సొగసు, క్రమం, స్పష్టత కొరవడ్డాయని ఎత్తిచూపాడు. ఫ్రాంక్లిన్ నొచ్చుకొని మానుకోలేదు. ‘స్పెక్టేటర్’ అనే పత్రిక సంపుటం సంపాదించాడు. అందులోని వ్యాసం చదివి, ఒక్కొక్క వాక్యంలోని భావాన్ని క్లుప్తంగా గుర్తు రాసుకొనేవాడు. కొన్నాళ్ళు దానిని పక్కన పెట్టి, తరువాత ఆ గుర్తులతో వ్యాసాన్ని తన మాటలలో తిరిగి రాసేవాడు. మూలంతో పోల్చి తప్పులు దిద్దుకొనేవాడు. ఒక్కొక్కసారి ఆ గుర్తులను కలగాపులగం చేసి, మళ్ళీ సరియైన వరుసలో పేర్చేవాడు. ఆలోచనలకు క్రమం కల్పించడం ఆ విధంగా నేర్చుకొన్నాడు. పని ముగిసిన రాత్రివేళల్లోను, పని మొదలుకాని తెల్లవారుజాముల్లోను, ఆదివారాల్లోను ఈ సాధన సాగింది. ఆ ముద్రాపకుడే 1732నుండి వెలువరించిన పంచాంగాల ద్వారా జనం మెచ్చిన రచయిత అయ్యాడు.

వ్యాపార రచనకు ఇంత కఠోర సాధన అవసరం లేదు. చిత్తుప్రతిని ఒక రాత్రి పక్కన పెట్టి, మరునాడు పైకి చదివితే చాలు. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండుగా విరవాలి. తీసివేసినా అర్థం చెడని మాటను తీసివేయాలి. ఆ వృత్తితో పరిచయం లేని ఒకరిచేత చదివించి, వారు ఎక్కడ ఆగుతున్నారో గమనించాలి. పాఠకుడు ఆగిన చోటు పాఠకుని తప్పు కాదు. రచయిత దిద్దుకోవలసిన చోటు.

చివరిది సత్యనిష్ఠ. కొత్త చీర తొలి ఉతుకులో కొంచెం రంగు విడిచేదైతే ఆ సంగతి ముందే చెప్పి, విడిగా చల్లని నీటిలో ఉతకమని సూచించాలి. లోపాన్ని దాచిన రచన ఒక చీరను అమ్ముతుంది. లోపాన్ని చెప్పిన రచన కొనేవారిని మళ్ళీ రప్పిస్తుంది. చట్టం కూడా ఈ నీతినే చెబుతున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

ప్రతిభకు విలువ లేదని దీని అర్థం కాదు. ప్రతిభ కలవాని వాక్యం తళుక్కుమంటుంది. దానిని అనుకరించబోవడం వృథా ప్రయాస. కాని తళుకు లేని వాక్యం కూడా నిజాన్ని నేరుగా చేరవేయగలదు. అడిగిన క్షణంలో యంత్రమే నున్నని వాక్యాలు కూర్చి ఇచ్చే కాలం ఇప్పుడు వచ్చింది. ఆ యంత్రం కూడా ఈ చీరకు ఈ ముడిని ఏ చేయి కట్టిందో, ఈసారి రంగు ఎందుకు ఒక పాలు చిక్కగా పడిందో తనంతట తాను చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన మనిషి మగ్గం ముందు కూర్చొని ఉన్నాడు.

ముడి కట్టడం అతనికి పుట్టుకతో రాలేదు. తండ్రి పక్కన కూర్చొని, తప్పు కట్టి, విప్పి, మళ్ళీ కట్టి నేర్చుకొన్నాడు. వాక్యం కట్టడం కూడా అటువంటి పనే. చేతి పనిలో చూపిన ఓర్పును మాట పనిలోనూ చూపితే, అతని చీరను గురించి అతనే చెప్పుకోగలుగుతాడు. అప్పుడు అసలు చీరకు అసలు ధర దక్కే అవకాశం పెరుగుతుంది.