టేకు బల్ల, ఇరుగుడు సిలువ

సంఘపెద్దలు గుడికి సామాను చేయించడానికి వస్తే, రెండు రంగులు కొట్టొచ్చినట్టు కనపడాలంటారు. ప్రభువు బల్ల, పుల్‌పిట్, పాస్టరుగారి కుర్చీ టేకుతో చేసి, సిలువకూ అంచులకూ ఇరుగుడు వాడతాను. షోరూముల్లో రోజ్‌వుడ్ అనేది దీన్నే. ఊదా, నలుపు చారల చెక్క. టేకులో పొదిగితే వెనక వరసకూ ఆనుతుంది.

కొత్త ఇరుగుడు దొరకడం గగనం. అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కింద 2017 నుంచి దేశాల మధ్య దీని వ్యాపారానికి అనుమతి పత్రాలు కావాలి. అందుకని పాత ఇళ్లు పడగొట్టే చోట తలుపులు, మంచం కోళ్లు కొని దాచుకుంటాను. వాటి మీద ముందు అయస్కాంతం తిప్పాలి. విరిగిన మేకు ఒక్కటి లోపలుంటే చిత్రిక బ్లేడు పోయినట్టే.

అసలు తంటా సిలువ అడ్డకర్ర దగ్గర. చెక్క పొడవునా పెద్దగా కదలదు. వెడల్పులో మాత్రం వానలకు ఉబ్బి, ఎండలకు ముడుచుకుంటుంది. నిలువు నార ఉన్న టేకులో అడ్డనార చెక్క బిగిస్తే ఏదో ఒకటి చీలక తప్పదు. అందుకే అడ్డకర్రను ఒకే ముక్కగా పెట్టను. నార నిలువుగా వచ్చేలా పొట్టి ముక్కలు కోసి పక్కపక్కన అతుకుతాను. టేకులో నూనె ఉంటుంది కాబట్టి, జిగురు రాసే ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి.

పాలిష్ దగ్గర తొందర పనికిరాదు. స్పిరిట్ తగిలితే ఇరుగుడు రంగు కరిగి టేకు మీదికి పాకుతుంది. సన్న బ్రష్‌తో ఇరుగుడుకు మాత్రమే రెండు పూతలు వేసి, ఆరాకే మిగతా చెక్క ముట్టుకుంటాను.

కస్టమర్లకు ముందే చెప్పేస్తాను: ఈ రంగుల తేడా ఇలాగే ఉండిపోదు. వెలుతురు తగిలేకొద్దీ ఇరుగుడు కాస్త వెలుస్తుంది, కొత్త టేకు ముదురుతుంది. అందుకే సిలువ చుట్టూ సన్నటి గాడి తీస్తాను. రంగులు దగ్గరపడ్డా ఆకారం చెదరదు.

టేకుకే నల్లరంగు పూసి తక్కువలో కానిచ్చెయ్యమనేవాళ్లూ ఉన్నారు. బల్ల కాళ్లకైతే సరే. పుల్‌పిట్ పైఅంచుకు మాత్రం ఒప్పుకోను. ప్రతి ఆదివారం ప్రసంగీకుడు చేతులానించేది అక్కడే. చెమటకు రంగు లేచిపోయి మచ్చలు తేలతాయి.