వంటింట్లోకి వినపడే సీరియల్

మామిడి కాపు మీదున్న రోజుల్లో నూజివీడు చుట్టుపక్కల ఇళ్లలో రెండు పనులు కలిసే సాగుతాయి. ఆవకాయ ముక్కలకు జీడి తీసి గుడ్డతో తుడవడం ఒకటి, సీరియల్ రెండోది. కళ్లూ చేతులూ ముక్కల మీదే ఉన్నా కథ తప్పిపోదు. వీణ వినిపిస్తే కోడలు వచ్చినట్టు. దబదబ డప్పులు మోగితే ఆడపడుచు ఏదో పన్నాగం పన్నుతున్నట్టు. గిటార్ గర్జించిందంటే హీరో కారు దిగుతున్నాడన్నమాట.

టీవీ ముందు ఎవరూ కదలకుండా కూర్చోరు, లేచి వంటింట్లోకి వెళ్లిన మనిషిని కూడా శబ్దమే పట్టి ఉంచాలి అని అమెరికా అధ్యాపకుడు రిక్ ఆల్ట్‌మన్ 1986లోనే రాశారు. దానికి తోడు డైలీ సీరియల్ తొందర. ప్రతి సన్నివేశానికీ కొత్త సంగీతం కట్టే తీరిక ఉండదు కాబట్టి, పాత్రకో ముక్క కేటాయించి దాన్నే తిప్పి తిప్పి వాడతారు. చిక్కంతా అక్కడే ఉంది. మనిషి నోరు విప్పకముందే తీర్పు వచ్చేస్తుంది. హిందీ 'కసౌటీ జిందగీ కే' (2001–2008)లో లేడీ విలన్ కొమోలిక తెర మీదికొస్తే చాలు, వెనక ఆమె పేరునే రాగం తీసేవారు. మగ పాత్ర తప్పు చేస్తే నేపథ్యంలో తరచూ వయొలిన్ విచారపడుతుంది, ఆడ పాత్ర చేస్తే ఉరుములు వినిపిస్తాయి.

బ్రిటిష్ సంగీత పరిశోధకుడు ఫిలిప్ ట్యాగ్ బొమ్మ చూపకుండా పది టైటిల్ బాణీలు వినిపించి, మనసులో ఏం కనబడిందో రాయమన్నారు. మెల్లగా, తెగకుండా సాగే బాణీలకు జనం ఆడవాళ్లనూ ప్రేమనూ పచ్చిక బయళ్లనూ ఊహించుకున్నారు. వేగంగా, తెగ్గొట్టినట్టు నడిచే వాటికి మగవాళ్లు, కార్లు, తుపాకులు. బాబ్ క్లారిడాతో కలిసి ఆయన దీన్ని 2003లో పుస్తకంగా తెచ్చారు.

శబ్దానికి ఇలా ఆడ, మగ ముద్ర వేయడానికి నూజివీడు దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణే ఉంది. రసాల పేరు చాటున పడిపోయింది గానీ, వీణల తయారీకీ పేరున్న ఊరిది. ఇక్కడ పనస చెక్కతో వీణలు చేస్తారు. తెలుగునాట వీణ కచేరీ అనగానే గుర్తొచ్చే ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు ఇద్దరూ మగవాళ్లే. సీరియల్లో మాత్రం ఆ తీగ మోగిందంటే తులసికోట చుట్టూ తిరిగే కోడలే. ఆమె ఆఫీసులో లెక్కలు చూస్తున్నా సరే, వీణ ఆమెను మళ్లీ పూజగదిలోకి లాక్కుపోతుంది!

గొంతు సంగతి మరీ చిత్రం. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచిన 'కార్తీకదీపం' ఒంటి రంగు వల్ల అవమానాలు పడ్డ దీప కథ. దీపగా నటించి వంటలక్కగా ఇంటింటికీ తెలిసిన ప్రేమి విశ్వనాథ్ కేరళ నటి. తెర మీది ఆ నలుపు మేకప్‌ది, తెలుగు గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది. అంటే దీప గొంతు ఎలా ఉండాలో విడిగా ఎవరో ఎంచుకున్నారు. ఆ ఎంపిక చాలా సీరియళ్లలో ఒకే దారిన పోతుంది. మంచి అమ్మాయికి సన్నటి, ఏడుపు అంచున ఉండే గొంతు, లేడీ విలన్‌కు బరువైన, కాస్త బొంగురు గొంతు. ఆడగొంతును తయారు చేయడం మనకు కొత్తేమీ కాదు. మగవాడై ఉండి రంగస్థలం మీద సత్యభామగా ఒప్పించిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది.

సీరియల్ కోడలు ఎక్కువగా మాట్లాడేది మనసులోనే. ప్రతిధ్వని కలిపిన ఆ మాట ప్రేక్షకులందరికీ వినబడుతుంది, ఎదురుగా నిలబడ్డ భర్తకు తప్ప. ఆమె దాన్ని పైకి అనకపోవడం వల్లే కథ ఇంకో వంద ఎపిసోడ్లు నడుస్తుంది. లేడీ విలన్‌కూ అదే ప్రతిధ్వని, కుట్ర చెప్పుకోవడానికి. హీరోకి దాని అవసరం అంతగా రాదు. అనుకున్నది పైకే అనేస్తాడు, ఇంట్లో అందరూ వింటారు.