దిద్ది యిచ్చెడి చెలిమి

బాపట్లలో 1896వ సంవత్సరమున జన్మించిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మి మాసపత్రికలో "శారద లేఖలు" వ్రాసిరి. శారద యను నామె కల్పలత యను తన నెచ్చెలికి వ్రాసిన జాబులవలె నవి నడచును. బాల్యవివాహములు, స్త్రీవిద్య, ఖద్దరు, ఏ ప్రసంగమైనను అందు చెలికి చెప్పిన మాటగానే యుండును. అంతకు పూర్వము ఆంధ్రపత్రికలో లీలావతి యను పేర ఆమె నడపిన శీర్షికకు "మా చెట్టు నీడ ముచ్చట్లు" అని నామము. ఒకటి చెలికి జాబు. మరియొకటి నలుగురు కూడిన నీడ. ఈ రెండు పేళ్లను దలచినపుడెల్ల, వ్రాయగోరు స్త్రీకి కాగితముకంటె ముందు కావలసినది వినెడి మనిషి యని నాకు తోచును.

ఊహలోని చెలితోనే ఆమె తృప్తి చెందలేదు. 1931లో బాపట్లయందు స్త్రీహితైషిణీ మండలిని స్థాపించి, ఊరి స్త్రీలను ఒకచోట చేర్చిరి. గృహలక్ష్మిని స్థాపించిన కేసరిగారును మన ఒంగోలు ప్రాంతమందలి ఇనమనమెళ్లూరు వారే యగుట మనకొక చిన్న గర్వము. ఆ పత్రిక యొసగిన స్వర్ణకంకణమును 1934లో మొట్టమొదట నందుకొన్నది వరలక్ష్మమ్మగారు.

ఇంకను వెనుకకు బోయినచో భండారు అచ్చమాంబగారు కనబడుదురు. ఆమె బడికి బోయి చదివినది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా, ఆయన చెంతనే తానును నేర్చినది. అట్టి యామె అబలాసచ్చరిత్ర రత్నమాలను రచించి, 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును నెలకొల్పినది. ఇంట నొక తమ్ముడు, ఊర నొక చెలి. గుంటూరున 1922లో ఉన్నవ దంపతులు స్థాపించిన శారదానికేతనము చేసినదియు నిట్టిదే. చదువు మానినవారికి చదువుతోపాటు సాటివారిని గూడ నది యిచ్చినది.

మా యూర నైదుగురము కొంతకాలముగా వారమునకొక మారు కూడుచున్నాము. అందొకతె పెండ్లియైన పిమ్మట నాగార్జున విశ్వవిద్యాలయపు దూరవిద్య ద్వారా పట్టము పొందినది. తక్కినవారము ఇంట చదివినవారమే. నియమ మొక్కటే: ఎవరి వ్రాత వారు చదువరాదు. ఒకరి కాగితము మరియొకరు బిగ్గరగా చదువవలెను. కంటికి కనబడని కుంటువాక్యము చదువరి నోట తడబడి బయటపడును. ప్రబంధములు పఠించినవారికి విశేషణములపై మక్కువ మెండు. వానిని మేము ముందు కొట్టివేయుదుము. కల్లములో మిరపకాయలు ఏరునపుడు తాలును పారవేయము గదా, వేరుకుప్ప పెట్టి తక్కువ ధరకైనను అమ్ముదుము. అట్లే కొట్టివేసిన వాక్యములకు వేరొక పుస్తకము గలదు. వాని కెపుడో యొకనాడు పని తగులును.

మాలో పెద్దదైన వదినగారు పత్తి దెబ్బతిన్న యేటి సంగతి పండ్రెండు పుటలు వ్రాసి తెచ్చినది. పురుగుపట్టిన కాయలు, తీతకు వచ్చిన కూలీలు ఉత్తచేతులతో మరలుట, అన్నియు నందు గలవు. పట్టము పొందిన చిన్నది "తీత" యను మాటకు మారుగా "కార్పాస సంగ్రహణము" అనవలెనన్నది. ఆ మాట నే నొప్పుకొనలేదు. సంస్కృతము నాకు ప్రియమే గాని, చేనిలో నెవరు నట్లనరు. పిదప నామెయే అసలు ప్రశ్న వేసినది.

"అప్పు ఎంతో రాయలేదేం వదినా?"

వదినగారు కొంతసేపు పలుకలేదు. "ఆ అంకె మీ అన్నయ్య నోట కూడా రాదమ్మా. వీథిలో వాళ్లు చదివితే?" అనినది.

ఇది పరిష్కరణమున గల కష్టమంతయు. సంధియో, సమాసమో అయిన మేము దిద్దగలము. అంకె వ్రాయవలెనో లేదో వ్రాసినామెయే తేల్చుకొనవలెను. అది లేనిచో వ్యాసమున బరువు లేదు. ఉన్నచో ఆ యింటి బరువు వీథిలో నిలుచును. చెప్పుమని బలవంతపెట్టు హక్కు మాకు లేదు. లోటు కనబడలేదని నటించినచో మేము కూడుట యెందుకు? చిన్నది కాగితపు టంచున నొక ప్రశ్నార్థకము మాత్ర ముంచి యిచ్చివేసినది.

తరువాతి వారము ఆ చోట అంకెలతో గాక అక్షరములతో మొత్తము వ్రాసియుండెను. ఆ రోజు చదువవలసిన వంతు నాది. ఆ పంక్తి వచ్చినపుడు నేను స్వరము తగ్గించితిని; ఆమె "గట్టిగానే చదువు" అనినది.

ప్రస్తుతము మిరపకోతలు సాగుచుండుటచే మా కూడిక పగటినుండి రాత్రి భోజనానంతరమునకు మారినది. వదినగారి వ్యాసము మూడవ మారు దిద్దబడుచున్నది. పేరింకను కుదురలేదు. ఆ పంక్తి యుండవలెనా, తీయవలెనా యన్నది భర్తగారికి చదివి వినిపించిన పిమ్మట చెప్పెదనని ఆమె కాగితములను ఇంటికి గొనిపోయినది.