పసరు, కషాయం, ‘టీ’: కాలేయ ఔషధాల తెలుగు పేర్లు – బంటుమిల్లి నేపథ్యం

ఉపోద్ఘాతం

‘మిల్క్ థిసిల్ టీ’ తాగితే కాలేయం శుభ్రపడుతుందన్న ప్రచారం తెలుగు పాఠకులకు ఇప్పుడు కొత్తది కాదు. ఈ మొక్క స్వస్థలం మధ్యధరా సముద్ర ప్రాంతం. కృష్ణా డెల్టా పొలాల్లో మొలిచే మొక్క కాదు కనుక, దీనికి ఇక్కడి వాడుకలో పేరు లేదు. బంటుమిల్లి పరిసరాలలో కాలేయానికి మందనగానే గుర్తుకు వచ్చేవి పంటబోదెల గట్లపై మొలిచే నేల ఉసిరి, గుంటగలగర. పేరు లేని మొక్క మన భాషలోకి ఏ పేరుతో వస్తున్నది, ఏ రూపంలో వస్తున్నది అన్న రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇవి భాషకు సంబంధించిన ప్రశ్నలే అయినా వాటి ఫలితాన్ని అనుభవించేది తాగినవారి దేహం.

పేరు తెచ్చే చిక్కు

మన మూలికల పేర్లలో చాలావరకు ఆనవాళ్లే. నేలకు దగ్గరగా ఎదిగి, ఉసిరి రెమ్మవంటి రెమ్మల అడుగున చిన్న కాయలు కాసేది నేల ఉసిరి. తడినేలను వెతుక్కునే మొక్క పేరులో ‘గుంట’ ఉన్నది. అయితే ఆనవాలు ఎప్పుడూ సరిపోదు. నేల ఉసిరి అన్న ఒక్క పేరు కిందనే ఒకటికి మించిన జాతులు చలామణీ అవుతున్నాయి.

ఇక మిల్క్ థిసిల్‌ను మాటకు మాటగా తెలిగించబోతే ‘పాలు’, ‘ముల్లు’ కలిసిన పేరేదో పుడుతుంది. ఆ ఆనవాలుతో మన బీళ్లలో వెతికేవారికి ముందుగా కనిపించేది బలురక్కసి. దీనినే బ్రహ్మదండి అని కూడా అంటారు. దాని ఆకుకూ ముళ్లుంటాయి, ఈనెల వెంట తెల్లని చారలుంటాయి. తుంచితే పసుపుపచ్చని పాలు కారుతాయి. సంస్కృతంలోని ‘స్వర్ణక్షీరి’ అన్న పేరును దీనికి అన్వయించడానికి కారణం ఆ పాలే. రెండింటికీ పూలలో స్పష్టమైన భేదం ఉన్నది: మిల్క్ థిసిల్ పువ్వు ఊదారంగు, బలురక్కసి పువ్వు పసుపు. కాని పూత లేని కాలంలో ఆకును మాత్రమే చూసేవారికి ఈ భేదం అందదు. బలురక్కసి గింజల నూనెలో సాంగ్వినరిన్ అనే విషపదార్థం ఉంటుంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ నూనె కల్తీ కావడం వల్ల ఒళ్లు వాచే జబ్బు ప్రబలి పలువురు మరణించారు. అందుచేత ఈ మొక్క పేరును అనువదించక ‘మిల్క్ థిసిల్’ అనే వాడటం మేలని నా అభిప్రాయం. పదసృష్టిపై ఉండే ఉత్సాహం మందుల దగ్గర కొంత నిదానించాలి.

పసరు, కషాయం, ఫాంటం

ఆయుర్వేదం మూలికను సేవించే పద్ధతులను ఐదుగా చెప్పింది: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. వీటిలో స్వరసం తెలుగువారి పసరు, కల్కం నూరిన ముద్ద, క్వాథం కషాయం. ఈ పేర్లు తయారీ విధానాన్నీ, తద్వారా మోతాదునూ సూచిస్తాయి. శార్ఙ్గధర సంహిత ప్రకారం క్వాథానికి ఒక వంతు మందులో పదహారు వంతుల నీరు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలి. వేడినీటిలో మూలికను కాసేపు ఉంచి వడకట్టేది ఫాంటం. నేటి ‘హెర్బల్ టీ’ సరిగ్గా ఇదే. ఫాంటం అన్న మాట వైద్యగ్రంథాలు దాటి వాడుకలోకి రాలేదు. ఖాళీగా ఉన్న ఆ చోటులోకి ‘టీ’ వచ్చి కూర్చున్నది. పసరు అనగానే పరగడుపు, చప్పిడి పథ్యం, ఇన్నాళ్లు అన్న నియమం వెంట వస్తాయి. టీకి అవేవీ లేవు. ఎవరైనా, ఎప్పుడైనా, ఎన్నిసార్లయినా తాగవచ్చునన్న అర్థం ఆ మాటలోనే ఉన్నది.

మిల్క్ థిసిల్ విషయంలో ఈ భేదం కీలకం. దాని ఔషధగుణానికి ఆధారమని చెప్పే సిలిమారిన్ ప్రధానంగా గింజలలో ఉంటుంది, నీటిలో అతి స్వల్పంగా మాత్రమే కరుగుతుంది. జర్మనీలో 1960ల చివర దీనిని వేరుచేసిన తరువాత జరిగిన పరిశోధనలలో అధికభాగం గాఢమైన సారంతో చేసినవే. విషపుట్టగొడుగులు తిన్నవారికి ఐరోపాలో సిలిబినిన్‌ను నరానికి ఎక్కిస్తారు. ఆ వార్తను చదివి వేడినీటిలో ఆకు వేసుకుని తాగేవారికి అందేది ఆ మందు కాదు. సారమైనా అన్నిటికీ పనిచేయలేదు: 154 మంది హెపటైటిస్ సి రోగులపై జరిపి 2012లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, ఎక్కువ మోతాదులో ఇచ్చిన సిలిమారిన్ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగైన ఫలితం చూపలేదు.

కామెర్లు: ఒక మాట, పలు వ్యాధులు

కోస్తాలో పచ్చకామెర్లు, తెలంగాణలో పసిరికలు. తెలుగు ‘పచ్చ’ ఆకు రంగుకూ పసుపు రంగుకూ చెల్లుతుంది గనుక పచ్చని పసరు పచ్చని జబ్బును విరుస్తుందన్న ఊహ సహజంగానే పుట్టి ఉండవచ్చు. ఇక్కడ గమనించవలసినది, కామెర్లు అన్నది లక్షణానికి పేరు, వ్యాధికి కాదు.

కృష్ణా తూర్పు డెల్టా చివరి భూములలో భూగర్భజలం ఉప్పన. కాలువ నీటితో నింపుకున్న చెరువులే తాగునీటికి ఆధారం. వేసవిలో కాలువలు కట్టివేశాక ఆ నిల్వనీటితోనే గడపాలి. కలుషితమైన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లకు ముఖ్య కారణాలు. ఇవి చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినవారికీ తగ్గుతాయి, తాగనివారికీ తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది.

నేల ఉసిరిని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. 1988లో మద్రాసు పరిశోధకుడు ఎస్.పి. త్యాగరాజన్, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లూంబెర్గ్ తదితరులు ‘లాన్సెట్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. నేల ఉసిరి మందును 30 రోజులు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో హెపటైటిస్ బి ఉపరితల ప్రతిజనకం కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. తరువాత థాయిలాండ్‌లో జరిగిన ప్రయత్నంలో ఆ ఫలితం రాలేదు. పైగా ఈ అధ్యయనం దీర్ఘకాలంగా వైరస్ మోస్తున్నవారిపై జరిగింది. చెరువునీటి వల్ల వచ్చిన కామెర్లకు దీనిని సాక్ష్యంగా చూపడం తర్కానికి నిలవదు.

పసరు తాగుతూ వేచి ఉండే రోజులు అందరికీ ఒకటి కావు. చివరి నెలల గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే మరణించే అవకాశం 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. ఆమెకు కళ్లు పచ్చబడిన రోజునే రక్తపరీక్ష జరగాలి. ఇంట్లో సిద్ధంగా ఉన్నది గట్టుమీది పసరైనా, అంగడి నుంచి తెచ్చిన టీ పొట్లమైనా ఆ పరీక్షకు బదులు కాదు.