యాంజియోగ్రాం: భయం వద్దు, అశ్రద్ధా వద్దు

“యాంజియోగ్రాం చేయించండి” అని డాక్టరుగారు అనగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. నిజానికి అది ఆపరేషన్ కాదు, పరీక్ష. గుండెకు రక్తాన్ని అందించే నాళాలలో ఎక్కడ అడ్డు ఉన్నదో, ఎంత ఉన్నదో దానివల్ల తెలుస్తుంది. 1958లో అమెరికాలో మేసన్ సోన్స్ అనే డాక్టరు ఈ మార్గం చూపాడు.

మణికట్టు వద్దగాని, గజ్జలోగాని తిమ్మిరెక్కే ఇంజక్షన్ ఇచ్చి, సన్నని గొట్టాన్ని రక్తనాళం ద్వారా గుండెదాకా పంపుతారు. అందులోంచి మందు ఎక్కించి ఎక్స్‌రే చిత్రాలు తీస్తారు. మీరు మెలకువగానే ఉంటారు. మందు ఎక్కేటప్పుడు క్షణకాలం ఒళ్లు వేడెక్కినట్లుంటుంది. కంగారుపడకండి. ప్రమాదం బొత్తిగా లేదని కాదు, కాని అరుదు.

ముందుగా డాక్టరుగారి దగ్గర ఏదీ దాచవద్దు. మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం, మందులు పడకపోవడం, గర్భం ఉంటే చెప్పండి. వాడే మాత్రలన్నీ వెంట తీసుకువెళ్లండి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్, రక్తం పలచబరిచే మాత్రలు ఆపాలో, వాడాలో ఆయనే చెప్పాలి. మీ అంతట మీరు ఆస్పిరిన్ మానవద్దు. పరీక్షకు ముందు ఎన్ని గంటలు ఏమీ తినకూడదో అడగండి. అడ్డు కనిపిస్తే అప్పుడే స్టెంటు వేస్తారా అన్నది కూడా ముందే అడిగి, ఇంట్లో మాట్లాడుకోండి.

పరీక్ష అయ్యాక గజ్జలోంచి చేసి ఉంటే కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. మణికట్టయితే త్వరగా లేవవచ్చు. నీళ్లు బాగా తాగితే మందు మూత్రంలో పోతుంది. నీళ్లు తగ్గించమని ఇదివరకే చెప్పి ఉంటే మాత్రం డాక్టరుగారిని అడగండి.

అసలు పొరపాటు ఇంటికి వచ్చాకే జరుగుతుంది. పైకి కనిపించేది సూదిపోటంత గాయమే. లోపల తెగింది ధమని. “నాకేమీ కాలేదు” అంటూ మర్నాడే గాజువాక నుంచి స్కూటరు మీద ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టుకు బయలుదేరకండి. హార్బరులో బరువులెత్తేవారు డాక్టరుగారు సరేననే వరకు ఆ పని ముట్టవద్దు. నీళ్ల బిందె కూడా బరువే. సింహాచలం మెట్లెక్కే మొక్కు ఉంటే స్వామి ఆగుతాడు, గాయం ఆగదు. శ్రీకాకుళం, ఒడిశా వైపు నుంచి కె.జి.హెచ్.కు వచ్చేవారు ఆ రాత్రే బస్సెక్కకుండా, ఎప్పుడు ప్రయాణం చేయవచ్చో అడిగి బయలుదేరండి.

గాయం నుంచి రక్తం కారినా, వాపు పెరుగుతున్నా రోగిని పడుకోబెట్టి, అక్కడ గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. గుండెనొప్పి, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, చేయిగాని కాలుగాని చల్లబడి మొద్దుబారినా తెల్లవారేదాకా చూడవద్దు. జ్వరం, చీము కనిపిస్తే డాక్టరుగారికి చూపించండి.

రిపోర్టు, సీడీ భద్రంగా దాచండి. అడ్డు లేదని తేలినా బీడీ, సిగరెట్టు మళ్లీ ముట్టుకోవడానికి అది అనుమతిపత్రం కాదు.