కొండబిడ్డకు గుర్తింపు

తన నివాసు లెవరో ప్రభుత్వము తెలిసికొనగోరుట తప్పు కాదు. బియ్యమైనను, పింఛనైనను నిజమైన హక్కుదారునకే చేరవలెను గదా! ఆ యుద్దేశముతోడనే 2009వ సంవత్సరమున భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ యేర్పడినది. పది వ్రేళ్ల ముద్రలను, రెండు కనుపాపల చిత్రములను గైకొని పండ్రెండంకెల ఆధార్ సంఖ్య నొసంగుట దాని పద్ధతి. మొదటి సంఖ్యను 2010 సెప్టెంబరు 29వ తేదీన మహారాష్ట్రములోని తెంభ్లీ యను ఆదివాసి గ్రామమున నిచ్చిరి. ఎవరికిని కానరాని పేదను ముందుగా లెక్కలోనికి దెచ్చెదమని దాని భావము. ఆ మాట మన హుకుంపేట కొండలలో నెట్లు చెల్లుచున్నదో విచారింపవలసియున్నది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని యీ మన్యమున బాటలేని గూడెములు కలవు. ఇంటనే జరుగు కాన్పులును కలవు. 1969వ సంవత్సరపు చట్టము ప్రకారము పుట్టుకను 21 దినములలో తెలుపవలెను. ముప్పది దినములు దాటినచో పై యధికారి యనుమతియు, సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువును కావలెను. చంకలో బిడ్డయు, చేతిలో కొడవలియు గల తల్లి యీ గడువుల నెట్లెరుంగును? 2023 అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టిన శిశువునకు జనన పత్రమే ముఖ్య నిదర్శనము. పత్రము లేనిదే ఆధార్ లేదు. ఆధార్ లేనిదే రేషను కార్డున పేరెక్కదు. పేరెక్కని నోటికి బియ్యము తూగదు.

చట్ట మింత కఠినముగా లేదు. 2016వ సంవత్సరపు ఆధార్ చట్టము ఏడవ విభాగమున, సంఖ్య యింకను రానివారికి వేరు నిదర్శనముతో మేలు చేకూర్చవలెనని యున్నది. 2018 సెప్టెంబరు 26వ తేదీ తీర్పునందు సుప్రీంకోర్టువారు, సంఖ్య చూపలేదన్న కారణమున ఏ బిడ్డకును పథకముల మేలు నిరాకరింపరాదనిరి. ఢిల్లీలో వెలువడిన యీ మాట కొండ యెక్కుటలోనే జాగు జరుగుచున్నది.

దొంగపేర్లు తొలగవలదా యని కొందరడుగుదురు. తప్పక తొలగవలెను. కాని దొంగను పట్టుటకు వేసిన కంచె యింటి బిడ్డను వెలుపల నుంచరాదు.

మేము కోరునది స్వల్పము. జనన నమోదు పుస్తకమును, ఆధార్ యంత్రమును, ఉత్తరువు నీయగల యధికారిని ఒకేనాడు వారపు సంతకు పంపుడు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త యెరిగిన కాన్పులను వారి సాక్ష్యముతో నమోదు చేయుడు. ఎవరినైన త్రిప్పి పంపినచో కారణమును వ్రాసి యిండు.

మన్యపు కాఫీని, మిరియమును, పసుపును మైదానమువార మనుభవించుచున్నాము. వాని నెక్కడివని గుర్తించు మనము, వానిని పండించువారి బిడ్డను గుర్తింప లేమా? పత్రము కొరకు బిడ్డ పుట్టలేదు. బిడ్డ కొరకే పత్రము పుట్టినది. అధికారు లీ సంగతిని మరువకుందురు గాక!