నీళ్ళ మీద లాంగ్ షాట్!

విఠలాచార్య జానపదాలు చూస్తూ పెరిగినవాళ్ళకి కోట అనగానే ఏం గుర్తొస్తుంది? చుట్టూ అగడ్త, నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, మధ్యన సింహద్వారం. ఇంగ్లండులో, తూర్పు ససెక్స్‌లోని బోడియం కోట అచ్చం అలాగే ఉంటుంది. సెట్టింగు కాదు సుమండీ! 1385లో అనుమతి పుచ్చుకుని కట్టిన అసలు సిసలు రాతికోట. టెంటర్‌డెన్‌లో పొగబండి ఎక్కి ఆ ఊళ్ళో దిగాను.

మమ్మల్ని తిప్పి చూపించిన పెద్దావిడ మొదటి మాటే బాంబులా పేల్చింది. "ఇది యుద్ధం కోసం కట్టిందా, చూసేవాళ్ళ కోసం కట్టిందా? మీరే తేల్చండి!"

కథానాయకుడు సర్ ఎడ్వర్డ్ డాలింగ్‌రిడ్జ్. ఫ్రాన్సులో యుద్ధాలు చేసి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడు. (అవి ఎవరిళ్ళు దోచిన రాళ్ళో వేరే చెప్పాలా?) బోడియం ఎస్టేటు భార్య ఎలిజబెత్ తరఫున వచ్చిన ఆస్తి. ఇల్లరికం హీరో అన్నమాట! 1377లో ఫ్రెంచివాళ్ళు దగ్గర్లోని రై రేవును తగలబెట్టారు. ఉన్న ఇంటిని కోటగా పటిష్టం చేసుకోమని రెండో రిచర్డ్ రాజు అనుమతిస్తే, ఈయన వేరేచోట కొత్త కోటే లేపాడు.

మేం తిన్నగా లోపలికి పోలేదు. ఆవిడ మమ్మల్ని పచ్చికలో ఎగుడుదిగుడు నేల మీద తిప్పింది. ఆ పల్లాలు ఒకప్పటి నీటి మడుగులట. 1990లో నేలను సర్వే చేసినవాళ్ళు వాటిని పోల్చుకున్నారు. అతిథి ఆ నీళ్ళ పక్కగా తిరిగి రావాలి. అడుగడుక్కీ కోట కొత్త యాంగిల్లో, తలకిందుల నీడతో సహా కనబడుతుంది. కెమెరాని ట్రాలీ మీద తోసినట్టే! ఉత్తరాన గుట్టెక్కితే టాప్ యాంగిల్ కూడా రెడీ.

"అయితే ఇదంతా డాబేనా?" ఓ కుర్రాడు నిలదీశాడు.

ఆవిడ దక్షిణపు గట్టు చూపించింది. ఉత్త మట్టికట్ట. శత్రువు గండి కొడితే అగడ్త ఖాళీ! కానీ ద్వారం దగ్గర తుపాకులు పెట్టే కంతలున్నాయి. పాత వంతెన ఇప్పటిలా తిన్నగా కాక, పడమటి గట్టు నుంచి వచ్చి మలుపు తిరిగేది. వచ్చేవాడి కుడిపక్క, అంటే డాలు లేని పక్క, కోటలోవాళ్ళ బాణాలకి ఎదురు. ఉత్త డాబుకైతే ఇంత తంటా ఎందుకు? నన్నడిగితే, శత్రువుని ఆపడానికీ, పొరుగు జమీందార్లని కుళ్ళబెట్టడానికీ అదే గోడ సరిపోయింది.

లోపల పైకప్పుల్లేవు, అన్నీ మొండిగోడలే. 33 నెగడు పొయ్యిలు, 28 మరుగుదొడ్లు. ఆ 28 దొడ్లూ ఎక్కడికి పోయేవనుకున్నారు? తిన్నగా అగడ్తలోకే! నీడల అందమంతా ఆ నీళ్ళలోదేనండోయ్. 1975లో వచ్చిన కామెడీ చిత్రం 'మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్'లో ఈ కోట కాసేపు తళుక్కుమంటుంది. వాసన తెరకెక్కదు కదా!

1917లో దీన్ని కొన్నదెవరో తెలుసా? 1905లో బెంగాలుని చీల్చిన మన కర్జన్ దొర! పాత కట్టడాల్ని కాపాడే చట్టం మన దేశంలో 1904లో వచ్చిందీ ఆయన హయాంలోనే. 1925లో పోతూ కోటని నేషనల్ ట్రస్టుకి రాసిచ్చాడు. అంతకుముందు ఆయన అగడ్త తోడించి తవ్విస్తే పాత వంతెనల పునాదులు బయటపడ్డాయి. లోతు కూడా తేలింది. సగటున అయిదడుగులు! మన కాంతారావు గుర్రం దిగకుండానే దాటేసేవాడు.